పెట్టెలో భద్రంగా ఉన్న తంగేడు అంచు

సిరిసిల్ల

బిడ్డా స్రవంతీ,
మేము క్షేమం. నీ పరీక్షకు కావలసిన చీర డిజైన్లూ క్షేమం! కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ పెట్టే యూఎస్‌బీ పోర్టులు విరిగాయని చెప్పగానే, వారంటీ ఉందని కోరుట్ల నుంచి మజర్ అనే కంపెనీ మనిషి ఇంటికే వచ్చాడు. మగ్గం విప్పితే పడుగు తెగినట్లు, పెట్టె విప్పితే నీ బొమ్మలు పోతాయని నేను అడ్డం కూర్చున్నాను.
"తాతా, ఇరిగినయి దర్వాజలే. ఇల్లు లోపట మంచిగనే ఉన్నది, జర జరుగు" అని నవ్వాడు.
కొత్తవి బిగించగానే తెర మీద నీ తంగేడుపూల అంచు విచ్చుకుంది తల్లీ! అమ్మా నేనూ నోరు తెరుచుకొని నిలబడ్డాము.
మజరే బొమ్మలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు, రేపు కొరియర్‌లో వేస్తాను. దగ్గు తగ్గిందా? దుప్పటి చాలుతుందా? ఆ అంచుతో మొదటి చీర నేనే నేస్తాను, ఇంకెవరికీ ఇయ్యకు.
చల్లగా ఉండు బిడ్డా.
మీ బాపు ఆగయ్య