ఉమినెకో, పద్నాలుగో భాగం

అక్టోబర్ 6, ఆదివారం

పోయిన బుధవారం లాండ్రీకి ఒక బూడిదరంగు కోటు వచ్చింది. కోట్లకి బ్యాడ్జీలు, పిన్నులు ఉంటే తీసి చిన్న కవర్లో వేసి పేరు రాసిపెట్టడం నా పని. ఈ పిన్ను తీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ముక్కున ఉత్తరం కరుచుకుని ఎగురుతున్న సముద్రపక్షి. ‘తపాలా నౌక ఉమినెకో’, మా చిన్నప్పటి టీవీ సీరియల్ గుర్తు. దాన్ని చూసి ఎన్నేళ్ళయిందో.

నిన్న ఆ కోటాయన తీసుకెళ్ళడానికి వచ్చాడు. మికుని గారు. స్టేషన్ వెనక స్టేషనరీ షాపు ఆయనదే. ఇది ఉమినెకో కదండీ అన్నానో లేదో, మనిషి వెలిగిపోయాడు. వెనక ముగ్గురు కస్టమర్లు నిలబడినా కదలడే! ఆ సీరియల్ అభిమానులం ముగ్గురం మిగిలామండీ, నెలకో ఆదివారం కూర్చుని ఒక్కో భాగాన్ని చీల్చి చెండాడతాం, రండి రండి, కాఫీ నాది అన్నాడు. మా తమ్ముడికి అదంటే పిచ్చండీ అన్నాను. తమ్ముడు లేడన్న సంగతి చెప్పలేదు. లాండ్రీ కౌంటర్ దగ్గర చెప్పే మాటా అది?

ఇవాళ వాళ్ళు కలిసే కాఫీ షాపుకి వెళ్ళాను. మా ఊరు హిమేజీలో ఎవరు కలుసుకున్నా ఆల్మండ్ టోస్ట్ ముందు పెట్టుకునే కలుసుకుంటారు. మికుని గారు, మందుల షాపు హోసాకా గారు, కుజే గారు. హోసాకా గారు నా వయసుదే, మాట కత్తి. కుజే గారు టీవీ వాళ్ళకి సౌండ్ పని చేసి రిటైరయ్యాడట. కప్పు కింద పెట్టినా చప్పుడు కానివ్వడు.

ఉమినెకో భాగాలు చాలావరకు ఇప్పుడు లేవట. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదు. ప్రసారం కాగానే దాని మీదే ఇంకో ప్రోగ్రాం రికార్డు చేసేవారట. పద్నాలుగో భాగం అలాగే పోయింది. విచిత్రం ఏమిటంటే వీళ్ళ గొడవంతా ఆ లేని భాగం గురించే.

కథ నాకూ గుర్తుంది. నక్షత్రాల మధ్య ఉత్తరాలు మోసే నౌక. అంతరిక్ష స్టేషన్‌లో ఒంటరిగా ఉన్న పిల్ల, దూరగ్రహం మీదున్న తండ్రికి ఉత్తరం రాసిస్తుంది. నౌక చేరేసరికి తండ్రి చనిపోయి ఉంటాడు. తిరిగొచ్చేటప్పుడు కెప్టెన్ ఆ స్టేషన్ దగ్గర ఆగుతాడు. నాన్నకి అందిందా అని పిల్ల అద్దం అవతల నుంచి అడుగుతుంది. కెప్టెన్ ఒక్క మాట చెబుతాడు, తలుపు మూసుకుంటుంది. ఆ ఒక్క మాట ఏమిటి?

అందింది అన్నాడు, నా రెండు చెవులతో విన్నాను అంటాడు మికుని గారు. నీ చెవుల్లో గుబిలి ఉందేమో, అందలేదమ్మా అని నిజమే చెప్పాడు అంటుంది హోసాకా గారు. ఎవరికి వాళ్ళు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కుజే గారిని అడిగితే, నన్ను లాగకండీ, నేను ఏ పక్షమూ కాదు అన్నాడు.

మా తమ్ముడు అది టేపు చేశాడు, అన్నాను.

ముగ్గురూ ఒకేసారి నా వైపు తిరిగారు. నాకే భయమేసింది.

అక్టోబర్ 7

అనకుండా ఉండాల్సింది.

అప్పట్లో పిల్లలందరూ చేసే పనే. టీవీ ముందు క్యాసెట్ రికార్డరు పెట్టి, మైకు స్పీకరుకి ఆనించి సౌండ్ పట్టుకునేవాళ్ళు. అది నడిచినంతసేపు ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. మా తమ్ముడు మినోరు మరీ మొండిఘటం. ఆరుంబావు అయ్యేసరికి పెదవి మీద వేలు పెట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. అమ్మ కూరలు తరగడం ఆపాలి. నాన్న పేపరు తిప్పకూడదు. నేను తుమ్మకూడదు.

పద్నాలుగో భాగం రోజున అమ్మ మర్చిపోయింది. పెరట్లో స్నానాలగది పొయ్యి దగ్గర ఉండి, నీళ్ళు చల్లారిపోతున్నాయి రమ్మని వాడిని పిలిచింది. సరిగ్గా కెప్టెన్ మాట మీద పడింది ఆ కేక. ఆ రాత్రి వాడు ఎవరితోనూ మాట్లాడకుండా తిని పడుకున్నాడు. అది నవంబరు. ఫిబ్రవరిలో మెదడువాపు జ్వరం వచ్చింది. వాడికి తొమ్మిదేళ్ళు.

అమ్మ ఆ టేపుని అప్పటి నుంచీ దేవుడి అరలో, అగరుబత్తుల పెట్టెల కింద ఉంచింది. ఎవరూ వినకూడదంది. రికార్డరు ఎవరికో ఇచ్చేసింది. నేనూ అడగలేదు. అలవాటైపోతే ఇంట్లో దేన్ని గురించీ అడగం.

ఇవాళ భోజనాల దగ్గర మెల్లగా చెప్పాను, ఇలా సౌండ్ పని తెలిసిన కుజే గారని ఒకాయన ఉన్నాడు, టేపు బాగు చేసి వినిపిస్తాడట అని. అమ్మ చెవిమిషన్ తీసి బల్ల మీద పెట్టింది. ఇక వినను అని దాని అర్థం.

అక్టోబర్ 9

అమ్మ ఇవాళ కూడా మాట్లాడలేదు.

అక్టోబర్ 13, ఆదివారం

పొద్దున లేచేసరికి బల్ల మీద టేపు ఉంది. రుమాల్లో చుట్టి.

ఇచ్చెయ్యి ఆయనకి, అంది అమ్మ. ఒక్కటి చెప్పు, నా గొంతు అందులోంచి తీసెయ్యమను. ఇప్పుడన్నీ తీసేసే మిషన్లున్నాయంటగా. వాడి ప్రోగ్రాం వాడికి శుభ్రంగా చేసిపెట్టమను. పైకి వెళ్ళాక వాడికి ఏ మొహం పెట్టుకుని కనపడను నేను, అంది.

ఎనభై ఏడేళ్ళ మనిషి. ఇన్నేళ్ళూ దాన్ని కడుపులో పెట్టుకుని మాకు అన్నాలు వండిపెట్టింది. వాడు ఎప్పుడో మర్చిపోయి ఉంటాడమ్మా అన్నాను. నీకేం తెలుసు, వాడు నాతో మాట్లాడలేదు, పిలిస్తే పలకలేదు కూడా, కోపమొచ్చిందా అని తర్వాత అడుగుదాంలే అనుకున్నాను, తర్వాత లేకుండా పోయింది అంది.

వెళ్ళి బియ్యం కడిగాను.

అక్టోబర్ 14

టేపు ఇచ్చాను. కుజే గారు రెండు చేతులతో అందుకున్నాడు. క్యాసెట్ లోపల టేపుని నొక్కిపట్టే మెత్త ఊడిపోయిందట, కొత్త డబ్బాలోకి మార్చాలట. అమ్మ కోరిక చెప్పాను. గొంతు తీయడం నా పనేనండీ, అది తీస్తే కెప్టెన్ మాట కూడా బయటపడొచ్చు అన్నాడు. కళ్ళు మెరిశాయి ఆయనకి. నిజం చెప్పాలంటే నాకది నచ్చలేదు. అందరికీ అమ్మ గొంతే అడ్డం.

నవంబర్ 3, ఆదివారం

వరసగా రాస్తాను.

కాఫీ షాపు ఆవిడ మా కోసం వెనక గది ఇచ్చింది. ముందు టేపులో ఉన్నది ఉన్నట్టు పెట్టాడు కుజే గారు. మ్యూజిక్, నౌక ఇంజను, మధ్యలో మా పాత ఇంటి తలుపు కిర్రుమనడం. మికుని గారు మొదటి నిమిషం నుంచే జేబురుమాలు తీశాడు. అద్దం అవతల నుంచి పిల్ల అడిగింది, నాన్నకి అందిందా. అప్పుడు అమ్మ గొంతు. మినోరూ! నీళ్ళు చల్లారిపోతున్నాయ్, రా! ఎంత బలమైన గొంతో. ఇప్పటి నాకంటే చిన్నది అప్పుడు అమ్మ. ఆ వెంటనే తలుపు మూసుకున్న చప్పుడు.

తర్వాత అమ్మ గొంతు తీసేసిన ఫైల్ పెట్టాడు. ఆ చోట ఏమీ లేదు. కెప్టెన్ లేడు. గుంట తవ్వినట్టు ఖాళీ. రెండు గొంతులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయండీ, ఒకటి లాగితే రెండోదీ వచ్చేసింది అన్నాడు.

అయినా వాదన ఆగితేగా. మికుని గారు గొంతు పెంచాడు. వాళ్ళ నాన్న ఓడ మీద పనిచేసేవాడట, ఈయన రాసిన ఉత్తరాలు ఏ రేవులోనూ అందేవి కాదట, అందుకే ఆ మాట చెవుల్లో ఉండిపోయిందట. అందింది అనే అన్నాడయ్యా, అలా అనకపోతే ఆ పిల్ల ఎలా బతుకుతుంది అన్నాడు. హోసాకా గారు ఊరుకోలేదు. మా నాన్న పోతే ఊరెళ్ళాడు, వస్తాడు అని ఏడాది పాటు చెప్పారు నాకు, పిల్లలకి అబద్ధం చెప్పే కెప్టెన్ నాకొద్దు అంది. బల్ల మీద కొట్టింది కూడా. టోస్టులు చల్లారిపోయాయి.

నేను బ్యాగు సర్దుకుంటుంటే కుజే గారు మామూలుగా అన్నాడు. చివరి పాట అయ్యాక కూడా టేపు కాసేపు నడిచిందండీ, ఎవరో పిల్లాడు ఏదో గొణిగాడు, అది ప్రోగ్రాం కాదు కదా అని ఎడిట్‌లో కత్తిరించేశాను.

ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లాడు మా తమ్ముడండీ అన్నాను. అరిచానేమో. వాడు తొమ్మిదేళ్ళకే పోయాడు, వాడి గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు, మీకు అది నాయిసా అన్నాను.

కుజే గారు తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. కాసేపటికి లేచి నడుం వంచి అలాగే నిలబడ్డాడు. కత్తిరించింది ఫైల్లోనే, అసలు టేపు ముట్టుకోలేదండీ, అన్నాడు.

నవంబర్ 4, సెలవు

పదకొండింటికి కుజే గారు టేపు, ప్లేయరు, స్పీకరు మోసుకుని ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే మళ్ళీ వంగాడు. ముందు మినోరు ఫొటోకి అగరుబత్తి వెలిగించాడు. అమ్మ ఉతికిన కిమోనో కట్టుకుని కూర్చుంది. ఈ మధ్య ఎవరి పెళ్ళికీ కట్టలేదు దాన్ని.

తన గొంతు వచ్చినప్పుడు అమ్మ కళ్ళు మూసుకుంది. పాట వచ్చింది, అయిపోయింది. తర్వాత చాప మీద ఎవరో మోకాళ్ళతో జరిగిన చప్పుడు. మైకు దగ్గరగా, ముక్కుతో మాట్లాడే ఆ గొంతు. వాడికి ఎప్పుడూ జలుబే.

పద్నాలుగో భాగం అయిపోయింది. కెప్టెన్ చివరి మాట నాకూ వినిపించలేదు. అమ్మ పిలిచింది. పర్లేదు. మంచి భాగాలు మళ్ళీ వేస్తారు, అప్పుడు వింటా. అక్క ఇవాళ తుమ్మలేదు, గొప్పే. రికార్డు చేసింది అకమాత్సు మినోరు.

ఆ తర్వాత మైకుకి దూరంగా తిరిగి, వస్తున్నానమ్మా! అని అరిచాడు. టక్‌మని ఆగిపోయింది.

పలికాడు. వాడు పలికాడు. పెరట్లో పొయ్యి దగ్గరున్న అమ్మకి వినపడలేదు, అంతే. నేను నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. పర్లేదన్నాడా, అని అడిగింది. అన్నాడమ్మా అన్నాను. మళ్ళీ పెట్టమంది. చెవి స్పీకరుకి ఆనించి వింది. మళ్ళీ పెట్టమంది. కుజే గారు ఎన్నిసార్లు పెట్టాడో, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

చివరికి అమ్మ ఆయన వైపు తిరిగి అడిగింది, వేశారా మరి మళ్ళీ, అని.

ఆయన నన్ను చూశాడు. టీవీ వాళ్ళ టేపు చెరిపేశారని ఈ దేశంలో ఆయనకి తెలిసినంత బాగా ఎవరికి తెలుసు. నేనేం సైగ చేయలేదు. చేయలేకపోయాను.

ఇంకా లేదండీ అమ్మగారూ, వేసినప్పుడు నేనే వచ్చి చెబుతాను, అన్నాడు.

మెట్ల దగ్గర బూట్లు తొడుక్కుంటూ చాలాసేపు తల ఎత్తలేదు.

నవంబర్ 10, ఆదివారం

హోసాకా గారు ఫోన్ చేసింది. కుజే గారు అంతా చెప్పాడట. చెడామడా తిట్టానండీ ఆయన్ని, ముసలావిడకి అలా ఎలా చెబుతాడు, నేనైతే ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని అంది. అవతల రోడ్డు మీద బస్సు చప్పుడు వినిపించింది. చెప్పగలిగేదాన్నో లేదో లెండి, అంది.

అమ్మ గొంతు తీసేసిన ఫైల్‌ని పారేశారట. ఇక నుంచి టేపు మొత్తం, పిలుపుతో, మినోరుతో కలిపి ఉంచుతారట. ఇన్నేళ్ళూ మేం కొట్టుకు చచ్చాం, వినపడలేదని నిజాయితీగా ఒప్పుకున్నవాడు మీ తమ్ముడొక్కడే, అంది. మికుని గారు ఆ మాటకి మళ్ళీ ఏడ్చాడట. ఆయన దేనికైనా ఏడుస్తాడు. నాకు నవ్వొచ్చింది, చాలా రోజులకి.

నవంబర్ 19

అమ్మతో చెప్పాను, నీ గొంతు తీయలేదమ్మా, వాళ్ళే వద్దనుకున్నారు అని. కోప్పడుతుందనుకున్నాను. అది లేకపోతే వాడు వస్తున్నానని ఎవరికి చెప్పినట్టు, అంది.

ఓదెన్ పులుసులోకి అల్లం నన్నే తురమమంది. తన చేతుల్లో పట్టు లేదట. అన్నం సగం వదిలేసింది.

డిసెంబర్ 2

అమ్మ పేపర్లో టీవీ పేజీ చదవడం మొదలుపెట్టింది. భూతద్దం పెట్టుకుని పై నుంచి కింది దాకా. ఏం వెతుకుతున్నావని అడగలేదు. తెలుసు. ఒక్కోసారి మినోరు ఇంకా బడి నుంచి రాలేదేంటి అంటోంది. ఒక్కోసారి బాగానే ఉంటుంది. డాక్టరు వయసండీ అన్నాడు.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు పక్కన కూర్చున్నాను. రెండుసార్లూ లేచి వెళ్ళి టీ కలుపుకొచ్చాను. ఆ కెప్టెన్ ఏమన్నాడో ఇప్పుడు నాకూ కావాలి.

డిసెంబర్ 15, ఆదివారం

ఆరుంబావు. అమ్మ టీవీ ముందు కూర్చుంది. టీవీ ఆన్ చేయలేదు, చేయమనలేదు. నేను వంటింట్లోంచి తొంగి చూస్తే పెదవి మీద వేలు పెట్టింది.

ముల్లంగి తరగడం ఆపాను.

స్నానాల తొట్టిలో నీళ్ళు చల్లారిపోతున్నాయి. అమ్మని పిలవలేదు.