మీ కుర్చీలో బీపీ మిషన్

ఏమండీ,

మెదడులో నరం చిట్లి మీరు పోయి నేటికి ఏడాది. ఎండుచేప లేనిదే ముద్ద దిగని మీ ఫోటో ముందు చప్పిడి పప్పు పెట్టాను. అలిగితే అలగండి.

సామాన్ల పేర్లు నాలుక దాకా వచ్చి ఆగిపోతున్నాయని నిన్న మనవరాలు నాకు తల స్కాన్ చేయించింది. మెదడు నిండా చిన్న చిన్న తెల్లమచ్చలు. "బీపీ ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా సన్నటి రక్తనాళాలను పాడుచేసిందమ్మా" అన్నాడు డాక్టరు. తలనొప్పి వస్తేనే బీపీ మాత్ర మింగిన మహానుభావులు మీరు గుర్తొచ్చారు.

"ఇవి పోతాయా?" అన్నాను.

"పోవు. బీపీని అదుపులో పెడితే కొత్తవి రాకుండా ఆపుకోవచ్చు."

చాలు. ఈ ఉదయమే మిడిల్ పాయింట్ బజార్లోని మన కిరాణా కొట్లో మీ కుర్చీలో బీపీ మిషన్ పెట్టి, ఎదురుగా స్టూలు వేశాను. సరుకులకొచ్చిన ప్రతివాళ్ళూ ముందు చెయ్యి చాపాల్సిందే. హోప్ టౌన్ ఊరి నుంచి వచ్చే మీ హిందీ స్నేహితుడు తప్పించుకోబోయాడు.

"నాకేం దీదీ, బిల్కుల్ ఠీక్!"

"మా ఆయనా అదే అన్నారు. కూర్చో."

కూర్చున్నాడు. బీపీ ఎంతుందో చూసి డాక్టరు నంబరు అడిగాడు.

నా మాత్ర నేను వేసుకున్నాను. మీ దగ్గరికి రావడానికి నాకేం తొందర లేదు. వచ్చిన రోజున మాత్రం మీరు చేసినవన్నీ గుర్తుపెట్టుకునే వస్తాను. తిట్టడానికి కావాలి కదా.