నీ సమాధి పక్కన వేసిన బోరు

కరుణా,

ఇవాళ నిన్ను నిద్ర లేపేనేమోనని బెంగగా ఉంది.

రేపటికి నువ్వెళ్ళి ఏడాది. మన కొబ్బరితోటలో నీ సమాధికి సున్నం వేస్తుంటే, చమురు వెతికేవాళ్ళు జీపులో వచ్చేరు. ముమ్మిడివరం వైపునుంచి తిన్నగా వస్తున్న వాళ్ళ సర్వే లైను నీ పక్కనుంచే పోవాలట. బోరు వేసి, అందులో మందు పేల్చి, కింది పొరలకు తగిలి తిరిగొచ్చే అదురుని మిషను మీద పట్టుకుంటారు.

"అమ్మగారి సమాధి కదండీ, వద్దంటే లైను కాస్త జరుపుతాం," అన్నాడు ఇంజనీరబ్బాయి.

"అది సరే, అసలు కింద ఏముందండీ?" అన్నాను. నా సంగతి నీకు తెలుసుగా, పకోడీలు కట్టిన కాగితమైనా చదవందే పారెయ్యను.

ఒకప్పుడు మన తీరం దక్షిణపు మంచుఖండంతో అతుక్కుని ఉండేదట. నేల సాగి, చీలి, పల్లాలు పడితే వాటిలోకి సముద్రం వచ్చిందట. ఆనాటి జీవాలు చచ్చి, మన గోదారి తెచ్చి పోసిన బురద కింద ఉడికి, నూనే గ్యాసూ అయి ఉండొచ్చన్నాడు. నుయ్యి తవ్వినప్పుడు గవ్వలు పైకొస్తే, "ఇక్కడికి సముద్రం ఎలా వచ్చిందండీ?" అని నువ్వడిగావు. అప్పుడు చెప్పలేకపోయాను.

"ఆయ్, జరపక్కర్లేదు, కానివ్వండి," అనేశాను.

కాళ్ళ కింద నేల అదిరింది. నీ సమాధి మీద, కొత్త సున్నంలో, సన్నటి బీట పడింది.

పేపర్లో ఏదో వింత చదివి మధ్యాహ్నం నిన్ను లేపినప్పుడల్లా, "నేను లేచేదాకా ఆగలేరా?" అని విసుక్కునేదానివి. నిన్ను మట్టిలోకి దించినప్పుడు, ఒకరోజు అందరూ లేస్తారని చర్చి అయ్యగారు ప్రార్థనలో చెప్పేరు.

ఈసారీ ఆగలేకపోయాను.