పాకాల జంక్షన్ ఆటలో మొదటి పేరు

గ్రీమ్స్‌పేట, చిత్తూరు
14-9-2003, ఆదివారం

నాయనా ఏబెల్,

అమ్మ దీవెనలు. నిన్నూ, కోడలు కోమలినీ, పాపనూ చల్లగా చూడమని ఈ పొద్దు కూడా చర్చిలో దేవుణ్ణి అడిగి వచ్చాను. ఇక్కడ నేనూ మీ నాయనా బాగున్నాం. నీ ఉత్తరం పూణే నుంచి అయిదు రోజులకే వచ్చింది. రెండుసార్లు నేను చదివి, మూడోసారి మీ నాయనకు వినిపించాను. ఆయనకు కళ్ళద్దాలు ఉన్నాయి గానీ, ఎవరైనా చదివి పెడితే ఆ సుఖమే వేరంటాడు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు రాస్తాను. లేకపోతే "అమ్మ నా ఉత్తరం సరిగ్గా చదవనేలేదు" అని కోమలి దగ్గర సణుగుతావు. నా పన్ను నొప్పి తగ్గింది, పీకించేశాను. పీకిన డాక్టరు నీకంటే చిన్నవాడు, చెయ్యి వణుకుతుంటే నేనే ధైర్యం చెప్పాల్సి వచ్చింది. మీ నాయన టీవీలతో పాటు ఇప్పుడు సెల్‌ఫోన్లు కూడా విప్పుతున్నాడు. విప్పడం వచ్చింది, బిగించడం ఇంకా నేర్చుకుంటున్నాడు. నా కుట్టు అంగడి బాగా జరుగుతోంది. దసరాకు ఇవ్వాల్సిన జాకెట్లు కుప్పలుగా పడి ఉన్నాయి.

ఇక నీ అసలు ప్రశ్న. పాపకు టీవీకి తగిలించే ఆటల పెట్టె కొన్నావని, అందులో వందల ఆటలున్నా మన పాకాల జంక్షన్ మాత్రం లేదని, దాని కోసం పూణేలో అంగళ్ళన్నీ తిరిగావని రాశావు. నాకు నవ్వూ వచ్చింది, దిగులూ పుట్టింది. మీ నాయనను అడిగితే ఏమన్నాడో ఆయన మాటల్లోనే రాస్తాను.

"యాడ దొరుకుతాదిమే? అది ఇండ్లకు రానేలేదు. ఆ కంపెనీవోడు నాలుగు పెట్టెలు జేసి మూసేసుకున్నాడంట. అయినా ఇండ్లలో ఆడేదానికి సేతిలో పట్టుకునే బుల్లి పెట్టె ఇస్తారు, దాంట్లో రెండు మీటలు. ఆ నాలుగు ఇనప కడ్డీలు లేకుండా అది ఆటెట్టయితాది?"

అప్పట్లో మనం నడిపిన ఆటల అంగట్లో ఉన్న మిగతా రెండు పెట్టెల్లోని ఆటలు, ఆ తుపాకీ ఆట, ఆ కుస్తీ ఆట, తర్వాత ఇళ్ళకు వచ్చేశాయి. రైళ్ళ ఆట ఒక్కటే రాలేదు. అది మన చర్చి వీధి అంగట్లో ఆడినవాళ్ళకు తప్ప ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. నువ్వు పాపకు ఎంత చెప్పినా దానికి అర్థం కాకపోవడంలో వింత లేదు.

ఆ పెట్టె వచ్చిన రోజు నీకు గుర్తుందా? మద్రాసులో బెల్లం దించి వట్టిగా తిరిగొచ్చే లారీలో వేసుకొచ్చాడు మీ నాయన. దాని మీద పేరు జపాను అక్షరాల్లో ఉంటే ఎవరికీ చదవను రాలేదు. కరెంటు పెట్టగానే నాలుగు దిక్కుల నుంచి నాలుగు రైళ్ళు ఒకదాని మీదికి ఒకటి దూసుకొచ్చాయి. ఏ కడ్డీ లాగితే ఏ పట్టా మారుతుందో తెలియక మీ నాయన ఒక్క నిమిషంలో నాలుగింటినీ గుద్దించేశాడు. "అచ్చం పాకాల జంక్షన్ మాదిరే ఉండాదే!" అని ఎవరో అన్నారు, ఇక అదే పేరయింది. పాకాలకు మూడు దిక్కుల నుంచే గదా రైళ్ళొచ్చేది, నాలుగోది ఎక్కడిదిరా అని నేనడిగితే, "అది కాణిపాకం రైలుమా" అన్నావు నువ్వు. కాణిపాకానికి రైలెక్కడిదని నేను అమాయకంగా అడిగితే అంగడంతా నవ్వింది.

ఎండాకాలం సెలవుల్లో ఆ అంగడి ఎట్లా ఉండేది! తడి గోనెపట్టా తలుపుకు వేలాడదీసినా లోపల కొలిమిగానే ఉండేది. మీరు చొక్కాలు విప్పి నడుముకు కట్టుకొని కడ్డీలు లాగేవాళ్ళు. నేను బల్ల దగ్గర కూర్చొని డబ్బులు తీసుకొని పెట్టెలో వేసే బిళ్ళలు ఇస్తూ, తిట్టేవాళ్ళను తిడుతూ, మధ్యలో జాకెట్లకు హుక్కులు కుట్టేదాన్ని. ఇప్పుడు ఆ గదిలోనే నా మిషను ఉంది. ఒక్కోసారి మధ్యాహ్నం పూట ఆ కడ్డీల టకటక వినిపించినట్టే ఉంటుంది.

పెట్టె ఏమైందని అడిగావు. ఉంది. పిక్చర్ ట్యూబు ఎప్పుడో పోయింది. లోపలి బోర్డు వేలూరు మెకానిక్కు ఒకడు తీసుకుపోయాడు. ఖాళీ పెట్టెలో నేను లైనింగు గుడ్డలు పెట్టుకున్నాను. కడ్డీలు మాత్రం మీ నాయన పీకనివ్వలేదు. టీ తాగుతూ ఒకటి రెండుసార్లు లాగి, ఏమీ ఎరగనట్టు గ్లాసు కడుక్కోవడానికి పోతాడు.

గోడ మీది నల్లబోర్డు గురించి పాపకు చెప్పావట, మంచిది. కరెంటు పోతే ఆ పెట్టెలో పేర్లూ నంబర్లూ అన్నీ చెరిగిపోయేవి. ఆ రోజుల్లో కరెంటు పూటకు రెండుసార్లు పోయేది. అందుకని ఎవరు పెద్ద నంబరు కొట్టినా నేను లేచివచ్చి నా కళ్ళతో చూసి బోర్డు మీద సుద్దముక్కతో రాస్తేనే లెక్క. నేను చదివింది అయిదో తరగతి. బైబిలు చదివి చదివి తెలుగు బాగా వచ్చింది గానీ ఇంగ్లీషు రాలేదు. మీ పేర్ల మూడేసి అక్షరాలను ముగ్గు వేసినట్టు చూసి వేసేదాన్ని. ఏ తగువు వచ్చినా మీ అందరిదీ ఒకటే మాట, "అమ్మ సూసిందా?" అని. అమ్మ చూసిందంటే అయిపోయినట్టే. పోలీసు స్టేషనులో కూడా అంత మర్యాద ఉండదు సాక్షికి.

పాప "ఫస్టు నువ్వయితే మరి సెకండు ఎవరు నాయనా" అని అడిగిందని, "ఎవడో అబద్ధాలకోరు" అని చెప్పానని రాశావు. ఆ వాక్యం మీ నాయనకు చదివి వినిపించకుండా దాటేశాను. నువ్వన్నది నీతో కలిసి చదివి, నీతో కలిసి ఆ కడ్డీలు లాగిన రఘునాథ్‌నే. వాడు పలమనేరులో ఇల్లు కట్టుకొని, దసరా నాడు గృహప్రవేశమని నీ పేరు రాసి నా చేతికిచ్చిన పత్రిక నీకు పంపితే, "ఆ కోతలరాయుడి ఇంటికి నేను రాను, పత్రికలు మోసే పని నీకెందుకు" అన్నావు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనడం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. కానీ ఈ కుందేలును నీ చేతికి ఇచ్చింది నేనే. ఆ సంగతి రాయడానికే ఈ రోజు కూర్చున్నాను. ఎస్టీడీ బూతులో నిలబడి చెప్పే మాట కాదు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం అది. నువ్వు లెక్కల్లో పోయావు. మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నావు. సంగటి ముద్ద పెడితే ముద్ద అట్లాగే ఎండిపోయేది. రఘునాథ్ ప్యాసయ్యాడు, అయినా ఆ మూడు రోజులూ మన గడప మీదే కూర్చున్నాడు. నాలుగో రోజు నిన్ను బలవంతంగా అంగడికి లాక్కొచ్చాను. లోపలికి వస్తూనే నువ్వు బోర్డు చూశావు. నీ పేరు పైన ఉంది. అప్పుడు నీ ముఖంలో కొంచెం కళ వచ్చింది. "టీ పొయ్యిమా" అన్నావు. ఆ ఒక్క మాటకు నా ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నం మామిడిపండ్లు తెమ్మని నిన్నూ మిగతావాళ్ళనూ మార్కెట్టుకు పంపాను. రఘునాథ్ ఒక్కడే ఆడుతున్నాడు. ఉన్నట్టుండి, "అమ్మా, బిరీన రా! ఏబెల్‌గాడిది దాటేసినా!" అని కేక వేశాడు. సుద్దముక్క తీసుకొని పోయి వాడి వెనక నిలబడ్డాను. చూశాను. నలభై ఎనిమిది వేల రెండు వందల అరవై. నీది నలభై ఏడు వేల తొమ్మిది వందలు. నేను చూసిన తర్వాత, మనిషి రెండుసార్లు ఊపిరి తీసుకునేంతసేపటికి కరెంటు పోయింది.

"రాయమ్మా" అన్నాడు వాడు వెనక్కి తిరిగి.

నేను బోర్డు వైపు చూశాను. నీ పేరు చెరిపి కిందికి దించాలి. పొద్దున నీ ముఖంలో వచ్చిన కళ గుర్తొచ్చింది. నోటికి ఏ మాట వచ్చిందో అదే అనేశాను. "నేను వచ్చేలోపల పోయింది నాయనా. నేను సూడలే."

వాడు నన్ను అనుమానించలేదు. ముఖం తెర వైపు ఉండె గదా, నేనెప్పుడు వచ్చి నిలబడ్డానో వాడికేం తెలుసు? నువ్వు మామిడిపండ్ల సంచితో వచ్చాక చెప్పాడు. నువ్వు నన్నే అడిగావు, "అమ్మా, నువ్వు సూసినావా?" అని. మొదటిసారి నోరు జారింది అనుకోవచ్చు. రెండోసారి తెలిసే అన్నాను, "లేదబ్బా" అని. మీరంతా నవ్వారు. కరెంటు కోతలో కొట్టిన నంబరు కాబట్టి వాడికి కోతలరాయుడని పేరు పెట్టారు. నిజమైతే మళ్ళీ కొట్టి చూపించమన్నారు. వాడు మూడు రోజులు ఆడాడు. రైళ్ళు గుద్దుకొని, సగానికి కూడా రాలేదు. ఆదివారాలు మనతోనే తినే వాడు, ఆ వారం మనం చర్చి నుంచి వచ్చేసరికి గడప మీద లేడు. నాటుకోడి పులుసు వాడి వాటా మిగిలిపోయింది.

సెప్టెంబరు పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నాను. నువ్వు ప్యాసయ్యావు. ఐటీఐలో చేరాక అనుకున్నాను, ఉద్యోగం వచ్చాక అనుకున్నాను, పెళ్ళయ్యాక అనుకున్నాను. కాకి పిల్ల కాకికి ముద్దు, ఆ ముద్దులో పదకొండేళ్ళు పోయాయి. పాస్టరుగారు అబద్ధసాక్ష్యం మీద ప్రసంగం చేసినప్పుడల్లా గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటూనే ఉన్నాను. ఇప్పుడు నా మనవరాలికి కూడా అబద్ధం నేర్పిస్తున్నామని తెలిశాక ఇక నాకు అన్నం దిగలేదు.

మొన్న శుక్రవారం బస్సెక్కి పలమనేరు పోయాను. మీ నాయనకు ముందురోజే చెప్పాను. ఆయన విప్పుతున్న సెల్‌ఫోను పక్కన పెట్టేశాడు. తర్వాత, "పో, పోయి సెప్పిరాపో" అన్నాడు. మొగిలి ఘాటు ఎక్కుతుంటే చలికి కాదు, భయానికి కొంగు కప్పుకున్నాను. రఘునాథ్ పాలకేంద్రంలో సూపర్‌వైజరు. ముందు కొత్త ఇల్లు చూపించాడు, ముచ్చటగా ఉంది, ఇంకా సున్నం వాసన పోలేదు. తర్వాత ఇప్పుడు అద్దెకుంటున్న ఇంటికి తీసుకుపోతే, వాడి భార్య కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. అప్పుడు నీకు రాసిందంతా వాడికి చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎంతమ్మా?" అన్నాడు.

"ఏంది నాయనా?"

"నువ్వు సూసిన నంబరు ఎంత? గుర్తుండాదా?"

చెప్పాను. చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. "నలభై ఎనిమిదేనా? సరిగ్గా సూసినావా?" అని మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను.

"అంతమంది లేదు లేదంటా ఉంటే, నేనే తప్పు సూసినానేమో అనుకుంటినమ్మా. మూడు దినాలు ఆడినా రాకపాయె. పోనుపోను, అబద్ధమే సెప్పినానేమో, అది నిజమని నన్ను నేనే నమ్మించుకున్నానేమో అనిపిస్తా వచ్చింది. ఇప్పటికీ పాలకేంద్రంలో కొలత రాసేటప్పుడు మూడుసార్లు సూసుకుంటా. నా కండ్ల మీద నాకే నమ్మకం లేదు." ఇంత చెప్పి తువ్వాలుతో ముఖం కప్పుకొని ఏడ్చాడు. ముప్పై ఏళ్ళకు దగ్గరపడిన మగవాడు నాయనా, పదహారేళ్ళ పిల్లాడిలా ఏడ్చాడు. నేను తీసేసింది బోర్డు మీద ఒక నంబరే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. వాడి తల మీద చెయ్యి పెట్టే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

నీకు కోపం వస్తుంది. రానీ. నా మీదే పెట్టుకో, అది న్యాయం. నువ్వు ఆడింది ఉత్తది కాదు, నీది రెండో నంబరు, అది కూడా పెద్ద నంబరే. లెక్కల్లో రెండోసారి నువ్వు గెలిచింది కూడా బోర్డు చూసి కాదు, నీ కష్టంతోనే. ఇది నీకు పదకొండేళ్ళ కింద చెప్పినా తట్టుకునేవాడివి. నేనే నిన్ను తక్కువ అంచనా వేశాను.

దసరాకు రమ్మని నేను నిన్ను అడగను, ఆ అర్హత నాకు లేదు. రఘునాథ్ కూడా అడగలేదు. బస్సు దాకా వచ్చి, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, బస్సు కదిలేముందు ఒక్క మాట మాత్రం అన్నాడు. "ఏబెల్‌కు నువ్వే సెప్పమ్మా. నేను సెప్తే వాడు నమ్మడు."

అందుకే చెబుతున్నాను. నేను చూశాను నాయనా. కరెంటు పోకముందే, ఈ రెండు కళ్ళతో చూశాను.

ఇట్లు,
నీ అమ్మ
తిరుమలమ్మ