ఉప్పుకు లొంగనిది

నాన్నా,

ఇవాళ నీ తద్దినం. అన్నయ్య మన ఊరు నౌపడలో పెట్టాడు. నేను ల్యాబ్‌లోనే ఉండిపోయాను.

ఉప్పుమడిలో కాలు తెగి, ఏ మందుకూ తగ్గని పుండుతో నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా పని గురించి అడిగావు. క్రిముల్ని చంపే చిన్న చిన్న ప్రోటీన్లు మన ఒంట్లోనే తయారవుతాయని చెప్పాను. "ఒంట్లోనే మందుంటే మరి నా పుండు మానదేటమ్మీ?" అన్నావు. ఆ పుండుతోనే పోయావు.

ఆ ప్రోటీన్లకు ఉప్పు పడదు నాన్నా. రక్తంలో ఉన్నంత ఉప్పు కలిపితే చాలు, చాలావరకు చతికిలపడతాయి. ఏళ్ల తరబడి ఇదే చూసి చూసి విసుగొచ్చేసింది.

ఇవాళ మనిషి చెమటలో దొరికే ప్రోటీన్‌ను పరీక్షించాం. ఉప్పు కలిపినా క్రిములు చచ్చాయి. పక్కనున్న అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకు లేచి నిలబడే ఓపిక కూడా లేదు. గాజుపళ్లెంలో క్రిములు చావడం వేరు, ఆ ప్రోటీన్ మనిషికి మందు కావడం వేరు.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"మీ నాన్న సొక్కా ఆరితే ఉప్పు సారలు కట్టీది. సెమటకేటి లోటే ఆ మనిషికి? మరెందుకు పోనాడు?" అంది.

చెమట చర్మం మీదే ఉంటుందని, పుండు లోతుకు దిగదని చెప్పబోయాను. అది మానేసి, అన్నం తిన్నావా అని అమ్మను అడిగాను.