బస్తా పిండికి వచ్చిన ఇంటిపేరు

స్ట్రాథెరిక్ లోయ, స్కాట్లండ్

అమ్మకి, మేం కులాసా.

పుట్టింటి పేరూ అత్తింటి పేరూ ఒకటే అయిన ఆడదాని చేతి రొట్టె తింటే కోరింత దగ్గు పోతుందట. నేను రెండువైపులా ఫ్రేజర్నే కదా, ఊళ్లో దగ్గే పిల్లలందరూ నా గుమ్మంలోనే! నిన్న పక్కింటి కిర్స్టీ కూతురికి రొట్టె పెడుతుంటే మామగారు పకపకా నవ్వారు.

"మేమెక్కడి ఫ్రేజర్లం తల్లీ! కరువులో ఫ్రేజర్ దొర తన ఇంటిపేరు పెట్టుకున్నవాడికి బస్తా ఓట్స్ పిండి ఇస్తానంటే మా ముత్తాత ఆ పూటే ఫ్రేజరైపోయాడు."

కిర్స్టీ బిత్తరపోయింది. "అయితే ఈ రొట్టె పనిచేస్తుందా, చెయ్యదా?" అంది. మొన్న తిన్న పిల్లాడికి తగ్గింది మరి!

నాన్నని అడుగు. మనం వెనకటికి ఫ్రాన్సు నుంచి సముద్రం దాటొచ్చిన అసలు ఫ్రేజర్లమా, పిండి ఫ్రేజర్లమా? ఈ లోయలో సగం మంది ఫ్రేజర్లే, ఏ సగం అసలో ఎవరికీ తెలీదు. మా అత్తింటివాళ్లది అరువు పేరై మనది అసలుదైతే, రెండూ ఒకే పేరు అవుతాయా? నాకు బుర్ర తిరిగిపోతోంది.

నల్లగొర్రె ఈనిందా? నా ఊలు మేజోళ్లు పంపు. నాన్నకి నా ముద్దులు. మా పిల్లాణ్ణి దీవించండి.

వెంటనే జవాబు రాయి. పొద్దుటినుంచి వాడూ దగ్గుతున్నాడు. రొట్టె చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

నీ ఇష్బెల్