ఎర్ర చుక్క

పదిహేడో తేదీ, బుధవారం
కళ్లజోళ్ల కొట్టు వెనకగది నుంచి

బావకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం, నీ క్షేమం తెలుపగలవు అని మొదలుపెట్టాలి. ముందు రాసిన మూడు ఉత్తరాలూ అలాగే మొదలుపెట్టాను. మూడూ విప్పకుండానే తిరిగొచ్చాయి. అందుకని ఈసారి ఉన్నమాట రాస్తున్నాను. మేం క్షేమంగా లేం.

నువ్వు వెళ్లి ఏడు నెలలు. పొద్దున కొట్టు తెరవగానే అక్క నీ సానయంత్రం మీద గుడ్డ తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ కప్పుతుంది. నీ స్టూలు మీద ఎవరినీ కూర్చోనివ్వదు. మనిషి సగమైంది. నువ్వేదో గోదాములో బస్తాలు తూకం వేస్తున్నావనీ, నీ కళ్లజోడు కూడా పెట్టుకోకుండా ముల్లు దగ్గర ముఖం పెట్టి చూస్తున్నావనీ మన కొట్టుకొచ్చే లారీ డ్రైవరు చెప్పాడు.

గోడకున్న అద్దాల పెట్టె అలాగే ఉంది. తాత కొమ్ముతో చెక్కిన, చెవి కాడలే లేని ముక్కుజోడు. నాన్న కాలపు నల్ల ఫ్రేములు. అప్పట్లో ఫొటో అంటే చాలు, జనం కళ్లజోడు తీసి జేబులో దాచుకునేవారట. ఇప్పుడు చూపు చక్కగా ఉన్నవాళ్లే ఉత్త అద్దాలు పెట్టించుకుని ఊరేగుతున్నారు. కాలు విరక్కుండానే చేతికర్ర పట్టినట్టుందని నువ్వు ఎగతాళి చేసేవాడివి. ముఖానికి నేను, చూపుకు నువ్వు అని పని పంచుకున్నాం. ఇప్పుడు ముఖాలే మిగిలాయి. చూపు కావలసినవాళ్లను వేరే కొట్టుకు పంపేస్తున్నాను.

గుండ్రటి ఫ్రేమే కావాలని టీచరమ్మ అడిగిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. మీ అద్దానికి కోణం ఉందమ్మా, గుండ్రటి ఫ్రేములో అది తిరిగిందంటే నేల వాలినట్టు కనబడుతుంది, వద్దు అన్నావు. మా బావ ఎర్ర చుక్క పెడితే తిరగదు, మీకు ఇదే నప్పుతుంది అని ఒప్పించింది నేనే. అద్దం పైఅంచున నువ్వు పెట్టే ఆ సిరా చుక్క ఫ్రేము నడినెత్తికి రావాలి. స్క్రూ బిగించి, సరిచూసి, చుక్క నువ్వే తుడవాలి. తుడిచాక ఎవరూ స్క్రూ ముట్టుకోకూడదు. ఇరవై ఏళ్లుగా మన కొట్టులో అదే చట్టం.

పెట్టుకున్న మొదటిరోజే ఆమె బడి మెట్ల మీద పడింది, తుంటి విరిగింది. నువ్వు జోడు తెప్పించి కోణం కొలిచే యంత్రంలో పెట్టి చూశావు. కుడి అద్దం కోణం తప్పి ఉంది. నా కన్నూ పోయింది, నా చేయీ పోయింది, ఇక గాజు ముట్టను అన్నావు. ఏప్రన్ మేకుకు తగిలించి వెళ్లిపోయావు.

తప్పు నీదంటే టీచరమ్మ ఈనాటికీ నమ్మలేదు. ఇన్నేళ్లుగా చూస్తున్న మనిషి పని తప్పదు, నా చూపే పోతోంది అనుకుంది. బడి మానేసింది. కళ్లజోడే పెట్టుకోవడం లేదు. ఒక్క అద్దం కింద ఇన్ని బతుకులు నలిగాయి బావా. నీ కాళ్లు పట్టుకుంటాను, తిరిగి రా. అక్క కోసం రా.

ఇట్లు
నీ బావమరిది

తా.క. (శనివారం): పైన రాసిందంతా నిజమే గానీ అసలుది దాటేశాను. చుక్క తుడిచాక స్క్రూ విప్పింది నేను. నువ్వు టీకి వెళ్లావు. ఫ్రేము లోపలి అంచున చిన్న గరుకు కనబడింది. ఫ్యాషన్ సరుకు మెరవాలి కదా అని అద్దం తీసి, అంచు నునుపు చేసి, మళ్లీ పెట్టాను. గుండ్రటిది కాబట్టి ఎటు తిప్పినా అమరింది. నువ్వు జోడు పరీక్షిస్తున్నప్పుడు పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను అడుగుతావని ఎదురుచూశాను. నేను విప్పి ఉంటానన్న అనుమానమే నీకు రాలేదు. అది చూశాక పక్కకు తప్పుకున్నాను.

నిన్న టీచరమ్మ ఇంటికి వెళ్లి చెప్పాను. ఆమె కర్ర పక్కన పెట్టింది. అయితే నా చూపు పోవడం లేదన్నమాట అని ఏడ్చింది. అక్కకు ఈ పొద్దున చెప్పాను. ఎప్పటి నుంచి తెలుసని అడిగింది. మొదటిరోజు నుంచి అన్నాను. తిట్టలేదు. వెళ్లి చెప్పులు వేసుకొచ్చింది. పోస్టులో వేస్తే ఇదీ తిరిగొస్తుంది, నేనే తీసుకెళ్లి ఇస్తాను అంది. టీచరమ్మ జోడు కూడా తనతో తెస్తోంది.

అక్క గుమ్మంలో నిలబడి తొందరపెడుతోంది. పైన సంతకం చోట ‘నీ బావమరిది’ అని నేను రాసుకున్న వరస కొట్టేయమంటోంది. ఆ వరస ఉండాలో వద్దో నేను కాదట, నువ్వు చెప్పాలట. నాకు చేతులు రాలేదు. నీ ఎర్రసిరా సీసా ఆమె సంచిలో పెట్టాను. కొట్టేయాలనిపిస్తే దానితోనే కొట్టేయి.